పదమూడు సూత్‌ల రైలు

కొండల్‌కు నలభై ఒకటో ఏడు నడుస్తోంది. బెల్లంపల్లి బొగ్గుబావుల వర్క్‌షాపులో ఫిట్టరు. అతని చేతిలో పడ్డ ఇనుము చెప్పిన మాట వింటుందని పేరు. అంతటి మనిషి ఆదివారం వచ్చిందంటే క్వార్టరు అరుగు మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసుకుని, బొమ్మ రైలును ముందుకూ వెనక్కూ నెడుతూ ఉంటాడు. చూసినవాళ్ళు నవ్వారంటే వాళ్ళ తప్పేమీ లేదు. పక్క క్వార్టరు అంతయ్య అయితే చాయ్ గ్లాసు పట్టుకుని గోడ మీద మోచేతులు ఆనించి, ఈ బండి కాజీపేటకు ఎన్ని గంటలకు చేరుతుందని అడిగేవాడు. కొండల్ తల ఎత్తకుండానే ఇవ్వాళ లేటని జవాబిచ్చేవాడు.

అది తిరునాళ్ళలో కొనే అల్లాటప్పా బొమ్మ కాదు. మొదటి భార్య పిల్లాజెల్లా లేకుండానే కన్నుమూసిన ఏడాది, గోడలతో మాట్లాడలేక మొదలుపెట్టిన పని. ఊరి పక్కనుంచి పోయే పెద్ద లైను దగ్గరికి టేపు పట్టుకుపోయి కొలిచి వచ్చాడు. పట్టాల మధ్య ఐదున్నర అడుగులు. అడుగుకు అరంగుళం చొప్పున తగ్గించాడు. ఫిట్టర్ల లెక్కలో అంగుళానికి ఎనిమిది సూత్‌లు. ఆ లెక్కన తన పట్టాల ఎడం ఇరవై రెండు సూత్‌లని తేలింది. సర్కారు మీటర్లూ సెంటీమీటర్లూ తెచ్చి పెట్టినా కొండల్ చేతికి సూత్ తప్ప ఇంకొకటి ఎక్కలేదు. పాత ఇనుప బద్దలు కొని పట్టాలుగా నిలబెట్టి, పదడుగుల లైను వేసి, ఒక ఇంజనూ నాలుగు వ్యాగన్లూ చేసేసరికి మూడేళ్ళు పట్టింది. దుఃఖం తగ్గిందో లేదో గానీ రైలు మాత్రం తయారైంది.

ఆ తర్వాత శంకరవ్వతో మారు మనువు కుదిరింది. ఆమెది ఆదిలాబాద్. మొదటి భర్త బాలమల్లు అక్కడి స్టేషన్‌లో వడ్రంగి, కామెర్లతో పోయాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు సక్కుబాయి, తొమ్మిదేళ్ళది. పెళ్ళి మాటలప్పుడు బాలమల్లు తండ్రి హనుమండ్లు పెద్దమనుషుల ముందు తన మాట చెప్పాడు. కోడలిది చిన్న వయసు, ఇంకో ఇల్లు చేసుకుని బతికితే తనకూ సంతోషమే. పిల్ల మాత్రం తన కొడుకు బిడ్డ. ఏడాదిపాటు తల్లి దగ్గర ఉండనీ. వచ్చే దసరాకు తానే వచ్చి పిల్లనే అడుగుతాడు. ఉంటానంటే ఉంటుంది, వస్తానంటే ఎవరూ అడ్డం రాకూడదు. అందరూ సరేనన్నారు. శంకరవ్వ కూడా తలూపింది. ఆ తలూపుడు ఆమెను ఏడాది పొడుగునా కుదురుగా ఉండనివ్వలేదు.

సక్కుబాయి అల్లరి చేసే పిల్ల అయితే బుజ్జగించడానికో దారి దొరికేది. ఆ పిల్ల పెట్టింది తినేది, చెప్పింది చేసేది, బడికి పోయి వచ్చేది. కొండల్ ఎదురొస్తే చుట్టాలింట్లో ఉన్నట్టు ఒద్దికగా పక్కకు తప్పుకునేది. అతన్ని ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే తల్లికి చెప్పేది, తల్లి అతనికి చెప్పేది. కొండల్ జిలేబీలు తెచ్చాడు, రిబ్బన్లు తెచ్చాడు, ఒకసారి ఏమీ తోచక గొడుగు తెచ్చాడు. అన్నీ తీసుకుంది. ఏ ఒక్కదానికీ ఆ మొహంలో దీపం వెలగలేదు.

ఆ పిల్లకు ఒక రేకు పెట్టె ఉంది. మంచం కింద గోడవైపుకు నెట్టి ఉంచేది. అందులో బాలమల్లు చేసిన రైలు ఉందని శంకరవ్వ చెప్పినప్పుడు కొండల్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఒక ఇంజను, రెండు పెట్టెలు, మూరెడు పొడుగు పట్టాల ముక్క. అంతా టేకు చెక్కే. చక్రాలకు మాత్రం సన్నని ఇనుప కట్లు. ఆదిలాబాద్‌కు వచ్చేది చిన్న లైను, మీటరు గేజీ. ఒకే జిల్లాలో ఇటు పెద్ద లైను, అటు చిన్న లైను. ఈ బండి ఆ పట్టాల మీదికి పోదు, ఆ బండి ఈ పట్టాల మీదికి రాదు. బాలమల్లు తాను రోజూ చూసిన లైనునే చేశాడు. పిల్ల ఒకసారి, ఎవరూ చూడటం లేదనుకుని, తన ఇంజనును కొండల్ పట్టాల మీద పెట్టి చూసింది. చక్రాలు ఆనలేదు. ఇంజను రెండు పట్టాల నడుమ చతికిలబడింది. పిల్ల దాన్ని తీసి, కొంగులాగా గౌను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఇదంతా కిటికీలోంచి కొండల్ చూశాడు. చూడకపోయినా బాగుండేది. ఫిట్టరు బుద్ధి చెడ్డది: రెండు వస్తువులు ఒకదానికొకటి కుదరలేదంటే వాటిలో ఏదో ఒకటి తప్పుగా ఉందనీ, ఆకురాయి అందుకోవాలనీ అనిపిస్తుంది. తప్పుగా ఉన్నది తనది కావచ్చునని ఏ ఫిట్టరుకూ తోచదు.

వానాకాలంలో ఒకరోజు అతనికి రెండో షిఫ్టు పడింది. పొద్దున పిల్ల బడికి పోయింది, శంకరవ్వ అంగడికి పోయింది. కొండల్ రేకు పెట్టె బయటికి లాగాడు. ఆ రైలుకు పాత ఇరుసులు ఊడదీశాడు, చక్రాలు విప్పాడు, పొడుగు ఇనుప కడ్డీలు కోసి కొత్త ఇరుసులు చేశాడు, చక్రాలను ఇరవై రెండు సూత్‌లకు జరిపి బిగించాడు. మూడు గంటల పని. వంకపెట్టడానికి లేకుండా చేశాడు. తన పట్టాల మీద పెట్టి నెడితే జారుకుంటూ పోయింది. సాయంత్రం పిల్ల చూసి ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. షిఫ్టు మొదలయ్యేలోపే ఆ సంబరం చూద్దామని బడి గేటు దగ్గరికి పోయి అరపూట సెలవు చెప్పించి మరీ తీసుకొచ్చాడు.

సక్కుబాయి అరుగు ఎక్కి చూసింది. సన్నటి టేకు పెట్టెల కింద చక్రాలు రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి, అప్పుడే పుట్టిన దూడ కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టుంది ఆ రైలు. పిల్ల ఏడవలేదు. ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. తాను తెచ్చుకున్న మూరెడు పట్టాల ముక్క మీద ఇంజనును పెట్టి చూసింది. ఇప్పుడు అక్కడా ఆనలేదు. అప్పుడు మొదటిసారి కొండల్ మొహంలోకి సూటిగా చూసి మాట్లాడింది.

“ఇది మా బాపు చేసిండు.”

అంతే. లోపలికి పోయింది. ఆ సాయంత్రం తల్లితో, దసరాకు తాత వస్తే ఆయనతో పోతానని చెప్పింది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, కొండల్ చేసింది అదే. అంతకన్నా ఎక్కువే, ఎందుకంటే ఆ కోతి ఇప్పుడు తన ఇల్లు పీకి పందిరి వేసేట్టుంది.  శంకరవ్వ తిట్టి ఉంటే కొండల్‌కు తేలికయ్యేది. మర్నాడు పొద్దున రొట్టెలు చేస్తూ చేస్తూ ఆమె చేతులు ఆగిపోవడం, పెనం మీద రొట్టె మాడిపోవడం చూసి అతను బయటికి వచ్చేశాడు. అతనికి సిగ్గేసింది, భయమేసింది. పిల్ల పోతే ఈమె ఇక్కడ ఉంటుంది, ఉండి ఏం లాభం, మనసంతా ఆదిలాబాద్‌లోనే ఉంటుంది అనుకున్నాడు. అంతకంటే లోపల ఇంకో మాట ఉంది. ఆ పిల్ల తప్పుకుని నడిచినా, మాట్లాడకపోయినా, ఇంట్లో ఆ పిల్ల ఉండటం తనకు కావాలి. ఎప్పటినుంచి కావాల్సి వచ్చిందో అతనికే తెలియదు.

అదృష్టం కొద్దీ ఫిట్టరు ఏదీ పారేయడు. పాత ఇరుసులు రేకు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. వాటి చివర్ల మీద ఉలితో పెట్టిన గీతలున్నాయి. ఒకటి, రెండు, మూడు. చక్రాల లోపలి వైపునా గీతలే. ఏ చక్రం ఏ ఇరుసుకో, ఏ ఇరుసు ఏ పెట్టెకో బాలమల్లు గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తుల లెక్క మాత్రం కొండల్‌కు అంతుపట్టలేదు. రెండు రోజులు తంటాలు పడి, ఆదివారం పొద్దున అన్నీ ఒక గుడ్డ మీద పరిచి, గడప దగ్గర నిలబడి లోపలికి వినపడేట్టు అడిగాడు.

“తప్పు చేసిన. నిన్ను అడగక ముట్టిన. మళ్ల పెడ్త గని, ఏది దేనికో నాకు తెలుస్తలేదు. జర చెప్తవా?”

పిల్ల వచ్చింది. గుడ్డకు అవతలి వైపు కూర్చుంది. మూడు గీతలది వెనక పెట్టెకని, ఒక్క గీతది ఇంజనుకని వేలితో చూపించింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మాటలు లెక్కపెడితే పది కూడా ఉండవు. చక్రాలు బిగిస్తూ కొండల్ కొలత చూశాడు: పదమూడు సూత్‌లు. చిన్న లైను నిజం కొలతను మనసులో వేసుకుని భాగించి చూస్తే అడుగుకు అరంగుళం. పెట్టె ఎత్తు కొలిచాడు, కిటికీ కొలిచాడు, తలుపు కొలిచాడు. అన్నీ అడుగుకు అరంగుళమే. ఎప్పుడూ చూడని మనిషి, ఏ వంద మైళ్ళ అవతలో కూర్చుని, తాను పట్టుకున్న లెక్కే పట్టుకున్నాడు. రెండు రైళ్ళలోనూ మనుషులను కూర్చోబెడితే ఒకే ఎత్తు ఉంటారు; ఎడమల్లా పట్టాలదే. కొండల్‌కు ఇన్నాళ్ళూ బాలమల్లు మీద ఒక చిన్న కుళ్ళు ఉండేది. ఆ పూట అది పోయింది. బతికుంటే ఇద్దరం కూర్చుని చుట్ట కాల్చుకునేవాళ్ళం కదా అనుకుని, అలా అనుకున్నందుకు తనే నవ్వుకున్నాడు.

ఆ రైలును ఇక ముట్టకూడదని తేల్చుకున్నాడు. మారాల్సింది తన లైను. ఇరవై రెండు సూత్‌ల పట్టాల లోపల, ఒక పట్టా నుంచి పదమూడు సూత్‌ల దూరంలో ఇంకో పట్టా వేశాడు. ఇప్పుడు ఒకవైపు పట్టా రెండు రైళ్ళకూ ఉమ్మడి, రెండోవైపు దేనిది దానికి. మొత్తం మూడు. చిన్న రైలు పదడుగులూ నడిచింది. సక్కుబాయి గడపలో నిలబడి చూసింది, అరుగు మీదికి మాత్రం రాలేదు.

చిక్కు తగిలింపు దగ్గర వచ్చింది. రెండు రైళ్ళనూ ఒకదాని వెనక ఒకటి కట్టి నడపాలని కొండల్ ఆశ. ఒకే పట్టాకు ఆనుకుని నడవడంతో చిన్న రైలు ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. దాని కొక్కెం పెద్ద రైలు కొక్కేనికి నాలుగున్నర సూత్‌లు పక్కన పడుతుంది. వంకర కొక్కెం చేశాడు. లాగితే చిన్న రైలు పట్టా తప్పింది. గొలుసు వేశాడు, మళ్ళీ తప్పింది. మూడు పట్టాలతోనే సాధిస్తానని పట్టుబట్టి వారం రోజులు కూర్చున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత ఇన్నాళ్ళకు కళ్ళారా చూశానని అంతయ్య గోడ అవతలి నుంచి అన్నాడు. కొండల్‌కు ఆ రోజు నవ్వు రాలేదు. దసరా ఇంకా నెల కూడా లేదు.

అప్పుడు సక్కుబాయి వచ్చి అరుగు మీద బోర్లా పడుకుంది. అతను పడుకున్నట్టే, గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని పట్టాల వెంట చూసింది. కాసేపటికి, అతనితో అన్నట్టు కాకుండా పట్టాలతో అన్నట్టుగా అంది.

“పక్కకు గాదు. నడుమ పెట్టాలె. నాలుగు పట్టాలు.”

కొండల్ మనసులో లెక్క వేశాడు. చిన్న లైనును పెద్ద లైనుకు సరిగ్గా నడిమధ్యలో వేస్తే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. కొక్కేలు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇనుము రాకుతున్న తనకు రాని ఆలోచన. ఆ సాయంత్రమే మూడో పట్టా పీకేశాడు. నాలుగు పట్టాల లైను వేయడానికి పన్నెండు రోజులు పట్టింది. సక్కుబాయి బడి నుంచి రాగానే కొలబద్ద తెచ్చి పట్టుకునేది. కొక్కేల ఎత్తు తేడా వస్తే అతను తన వ్యాగన్ కొక్కేన్నే కిందికి దించాడు, పిల్ల రైలు కొక్కేన్ని ముట్టలేదు. ముందు టేకు రైలు, వెనక ఇనుప రైలు కలిసి పదడుగులూ పోయిన రోజు పిల్ల నవ్వింది. పై వరసలో ఒక పన్ను ఊడి ఉంది. అది ఎప్పుడు ఊడిందో తనకు తెలియనే లేదని కొండల్‌కు కష్టమనిపించింది.

అయినా తాత వస్తే పోతానన్న మాటను పిల్ల వెనక్కి తీసుకోలేదు. కొండల్, శంకరవ్వ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఇద్దరికీ భయం.

దసరా ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడు హనుమండ్లు వచ్చాడు. ఆసిఫాబాద్ దాకా బస్సు, అక్కడినుంచి రైలు. ముప్పై ఏళ్ళు చిన్న లైను మీద పట్టాలు చూసే గ్యాంగులో పనిచేసి రిటైరైన మనిషి. నడుము వంగింది, చూపు వంగలేదు. శంకరవ్వ తంగేడు పూలు ఏరుతున్నదల్లా లేచి మామ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. 

ముసలాయన అరుగు మీద కూర్చుని పట్టాలు చూశాడు. కొడుకు చేసిన రైలును గుర్తుపట్టాడు. చాలాసేపు దాని మీదే చెయ్యి వేసి ఉంచాడు. కొండల్ ఇక ఆగలేకపోయాడు. వానాకాలంలో తాను చేసిన పని, చక్రాలు ఊడదీయడం, పిల్ల ఏడవకపోవడం, అన్నీ ఉన్నవున్నట్టు చెప్పేశాడు. దాచిపెడితే పిల్ల ఉంటుందేమో గానీ, దాచిపెట్టి ఉంచుకున్న పిల్ల తనకెందుకు అనుకున్నాడు. హనుమండ్లు వంగి, గ్యాంగు మనిషి చూపుతో నాలుగు పట్టాల వెంట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. నడుమ పట్టాల ఆలోచన ఎవరిదని అడిగాడు. సక్కుబాయి తనదని చెప్పింది. ఆయన మనవరాలిని కాసేపు చూసి, రైలును తానే మెల్లగా నెట్టాడు. రెండు రైళ్ళూ గలగలమంటూ అటు చివరికి పోయాయి.

అప్పుడు ఆయన తన సంచిలోంచి పాత ధోవతి ముక్కలో చుట్టిన వస్తువొకటి తీశాడు. రైలుకు ఆఖరున ఉండే గార్డు డబ్బా. కిటికీలు, వెనక చిన్న అరుగు, మెట్టు, అన్నీ ఉన్నాయి. చక్రాలు లేవు.

“మావాడు చక్రాలు పెట్టకముందే పోయిండు” అన్నాడు. “నిజం చెప్త కొండల్. దీన్ని జూపెట్టి పిల్లను తోలుకపోదామని తెచ్చిన. గిది చూస్తే వస్తదనుకున్న. ఇగ నువ్వే పెట్టు చక్రాలు.”

కొండల్ రెండు చేతులతో అందుకున్నాడు. తిరగేసి చూస్తే ఇరుసులు రావాల్సిన చోట్ల పెన్సిల్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. పదమూడు సూత్‌లకు పెడతానని నోటిదాకా వచ్చింది. ఆగాడు. ఒకసారి అడగకుండా చేసి చాలా పోగొట్టుకోబోయాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“సక్కూ, ఎంత ఎడం పెట్టాలె?”

పిల్ల డబ్బాను చూసింది, పట్టాలను చూసింది. అక్కడున్న ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక పదేళ్ళ పిల్ల మొహంలోకి చూస్తున్నారు.

“ఇరవై రెండు” అంది.

హనుమండ్లు సర్దిచెప్పబోయాడు. అది వాళ్ళ బాపు డబ్బా అనీ, చిన్న లైనుదనీ, చిన్న చక్రాలే ఉండాలనీ.

“ఎరుకే తాతా. మా బాపు రైలు ముంగట ఉంటది. ఈయన రైలు దాని ఎంబడి వస్తది. గార్డు డబ్బా ఆఖరుకు ఈయన వ్యాగన్‌కు తగలాలె గదా. ఇక్కడనే ఉంటది అది.”

“మరి నువ్వో బిడ్డా?”

పిల్ల తాత చెయ్యి పట్టుకుని, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ తెరుస్తూ ఉండి, ఆఖరికి “నేను గూడ” అంది. అని, తాత మొహం చూడలేక ఆయన భుజంలో తల దాచుకుంది. శంకరవ్వ పూలబుట్ట దగ్గరే కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొండల్‌కు సంతోషించాలో, ఆ ముసలాయన కాళ్ళ మీద పడాలో తెలియలేదు. ఒక మనిషికి ఇల్లు నిండడమంటే ఇంకో మనిషి చేతులు ఖాళీ కావడమేనా అనిపించింది.

హనుమండ్లు పిల్ల వీపు నిమురుతూ చాలాసేపు వీధిలోకి చూశాడు. తువ్వాలతో మొహమంతా ఒకసారి గట్టిగా తుడుచుకున్నాడు. ఆ తర్వాత కొండల్ వైపు తిరిగాడు.

“పండుగ పది దినాలు నా దగ్గర ఉంచుకుంట. మళ్ల నేనే తోలుకొచ్చి దిగబెడ్త” అన్నాడు. “మేము వచ్చెటాళ్లకు చక్రాలు పెట్టి ఉంచు.”